వేస్టు మూటలో పాము

తమిళనాడులో రాజపాళయం దగ్గరి సత్రపట్టి మగ్గాల మీద దిగే పల్చటి తెల్లగుడ్డ ఎన్ని దేశాల గాయాలకు కట్టుగా చుట్టుకుంటుందో ఎవరూ చెప్పలేరు. దూరపు రేవుపట్నాల ఆసుపత్రుల్లో ఆ చుట్టలు చూసినప్పుడల్లా, వీటిని నేసిన చేతులు ఎలాంటివో అనుకునేవాణ్ణి. తాయమ్మాళ్ చేతులు వాటిలోవే. పెళ్లికి ముందు నుంచీ ఆ మగ్గాల షెడ్డుల్లోనే పనిచేసింది. ఇప్పుడు రాజపాళయంలో ఒక చిన్న సేవాసంస్థ తరఫున, మత్తు సూదులు వేసుకునేవాళ్లను వెతుక్కుంటూ తిరుగుతుంది. వాడిన సూది తీసుకుని కొత్తది ఇస్తుంది. మత్తు మానడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోపు ఒకరి సూది ఇంకొకరికి గుచ్చుకుని రోగం పాకకుండా చూడడం ఆమె పని. అది మత్తుకు తోడ్పడడమేనని ఊళ్లో కొందరంటారు. ఈ వాదం మీద లావుపాటి పుస్తకాలే ఉన్నాయి, కొన్ని నేనూ తిరగేశాను. ఆమె మాత్రం వాదించదు. వాడిన సూదిని కాలవలో పారేయకుండా దాచి తెచ్చే మనిషి కనబడితే చాలు ఆమెకు.

సెంథిల్ అలాంటివాడు. సత్రపట్టిలో ఒక షెడ్డులో మూటలు మోస్తాడు. ఒక పొద్దున అతని నుంచి ఫోన్ వచ్చింది. బస్టాపు దగ్గర పోలీసులు సంచులు వెతుకుతుంటే భయపడి, ఆమెకివ్వాల్సిన సూదులను కట్టుగుడ్డలో చుట్టి, షెడ్డులోని వేస్టు నూలు మూటలో దోపేశాడట. లారీ ఎక్కి అలాగే మిల్లుకు పోతుందనుకున్నాడు. లారీ రాలేదు.

"ఏ మూటలోరా?"

"తెలీలేదక్కా. అన్నీ ఒకే మాదిరి ఉండాయి."

మూతి కట్టిన మూటలు మోసేవాడికి ఒక సంగతి తెలియదు. అక్కడ వేస్టు అంటే పారేసేది కాదు. లారీ రాని రోజు ఆడవాళ్లు వాటిని విప్పి, పొడుగు పోగులొక పక్క, నూనె మరకలవి ఒక పక్క ఏరతారు. వట్టి చేతులతో. తెల్లనూలులో తెల్లగుడ్డ పొట్లం.

షేర్ ఆటోలో కూర్చున్నంతసేపూ తాయమ్మాళ్ అదే లెక్క వేసుకుంది. నిజం చెబితే చేతులు ఆగుతాయి. కాని సెంథిల్ పని పోతుంది, రేపటి నుంచి ఒక్కడు కూడా ఆమెకు సూది తిరిగివ్వడు. షెడ్డు గుమ్మంలోకి వచ్చేసరికి, నూలు ఏరే ఆడవాళ్లలో పెద్దావిడ తంగమ్మాళ్ ఒక మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉంది.

"చెయ్యి తీయి పెద్దమ్మా. పాము దూరినాది, చూసినాను," అని తాయమ్మాళ్ అరిచింది.

అందరూ వాకిట్లోకి పరుగెత్తారు. పామన్నాక, తాయమ్మాళ్ కర్రతో మూటలు బోర్లించినా, పటకారు పట్టుకుని వంగినా ఎవరికీ వింతగా తోచలేదు. ఒక్కో మూటలోని నూలునూ కర్రతో చెదరగొట్టి చూసింది. చివరికి పొట్లం దొరికింది. సగం విడిపోయి ఉంది. మూత ఊడిన సూది ఒకటి బయటికి చూస్తోంది. పటకారుతో అన్నీ, వాడిన సూదుల కోసం వెంట తెచ్చుకున్న పసుపు డబ్బాలో వేసి మూత బిగించి, పాము కాలవలోకి పోయిందని చెప్పింది.

తంగమ్మాళ్ మిగతావాళ్లంత దూరం పోలేదు.

"పాముకి డబ్బా గూడ తెచ్చినావే పాపా," అంది మెల్లగా. తరువాత చూపుడువేలు చాపింది. "పొద్దున నన్ను కరిచినాది. ఈనె అనుకున్నాను."

నోట్లో పెట్టుకోబోతున్న ఆ వేలిని తాయమ్మాళ్ పట్టుకుని కొళాయి దగ్గరికి తీసుకుపోయి సబ్బుతో కడిగింది. దాచకుండా చెప్పింది: రోగం రావచ్చు, రాకపోవచ్చు, పెద్దాసుపత్రిలో మందుంది, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు, మూడు రోజులు దాటితే లాభం లేదు. తంగమ్మాళ్ ఒక్కటే అడిగింది, ఆ సూది ఎవరిదని. డాక్టరూ అదే అడుగుతాడని తాయమ్మాళ్‌కు తెలుసు. ఆ మనిషి రక్తం కూడా చూస్తే ఎంత భయపడాలో తేలుతుంది. అయినా పేరు చెప్పలేదు. సెంథిల్ మూటల పక్కన తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

ఇద్దరూ బస్సెక్కారు. తాయమ్మాళ్ కిటికీలోంచి షెడ్డు వైపే చూస్తోంది. బస్సు కదిలాక మలుపులో ఎవరో పరుగెత్తుకొచ్చి వెనక మెట్టెక్కారు. సెంథిల్. వాళ్ల సీటు దాకా వచ్చి కమ్మీ పట్టుకున్నాడు.

"పెద్దమ్మా, అది నాదే. నా రక్తం గూడ ఎత్తమని చెప్తాను."

తంగమ్మాళ్ అతన్ని చూసి, తన వేలు చూసుకుంది. దానికి చుట్టిన కట్టుగుడ్డ మీద చిన్న ఎర్రచుక్క. కండక్టరు దగ్గరికొచ్చాడు.

"ఆడోళ్లకి బస్సు ఊరకేరా," అందామె. "నువ్వు టికెట్ తీసుకో. ఆసుపత్రి దాకా."