సత్యంగారి కమీషన్

అమలాపురంలో ఎవరికైనా పన్ను నొప్పి వస్తే ముందు పన్ను డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు కాదు, వీరవెంకటసత్యనారాయణగారి జిరాక్సు కొట్టుకి వెళ్ళేవారు. అంత పొడుగు పేరు పన్ను నొప్పితో పలకడం కష్టం కాబట్టి ఊరంతా ఆయన్ని సత్యంగారనే పిలిచేది. బుగ్గ పట్టుకుని వచ్చినవాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, నోరు తెరిపించి చూసి, "పీకించుకోవాలంటే వంతెన అవతల ఆయనండి. పీకకుండా బాగు చేయించుకోవాలంటే హైస్కూలు వెనకాల ఆవిడండి. నా పేరు చెప్పకండి, చెప్పినా తగ్గించరు," అని పంపేవారు. వచ్చినవాడు మారు మాట్లాడకుండా వెళ్ళేవాడు.

ఆయన కొట్టు రెవెన్యూ ఆఫీసు ఎదురుగా ఉండేది. ఒక జిరాక్సు మెషీను, ఒక లామినేషన్ మెషీను, ఒక స్టూలు. గల్ఫు వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్టులు పట్టుకుని వచ్చేవారు, రైతులు పొలం కాగితాలు పట్టుకుని వచ్చేవారు. మెషీను వేడెక్కేలోపు ఏదో ఒకటి అడిగేవారు. ఏ దర్జీ బాగా కుడతాడు, బోరు ఎవరిచేత వేయించాలి, మోకాళ్ళకి ఎవరు మందిస్తారు. సత్యంగారు అన్నిటికీ చెప్పేవారు. కాకపోతే తాను చూడనిదే, చేయించుకోనిదే ఒక్క మాట చెప్పేవారు కాదు. ముగ్గురు దర్జీలలో ఎవరు నయమో తేల్చడానికి మూడు చొక్కాలు కుట్టించుకున్నారు. కళ్ళజోళ్ళ కొట్టు సంగతి తెలుసుకోవడానికి కళ్ళు శుభ్రంగా ఉండగానే జోడు పెట్టించుకుని, నెల్లాళ్ళు మెట్లు తడుముకుంటూ దిగారు. కాన్పుల డాక్టరమ్మ విషయంలో మాత్రం స్వయంగా పరీక్షించే వీలు లేక, ఆవిడ వరండాలో నాలుగు రోజులు కూర్చుని, లోపలినుంచి వచ్చే ఆడవాళ్ళ మాటలు విన్నారు. నాలుగో రోజున కాంపౌండరు వచ్చి, "తమరు ఎవరి తాలూకండీ?" అని అడిగేదాకా లేవలేదు.

ఇరవై ఏళ్ళలో ఆయన ఎవరి దగ్గరా టీ కూడా పుచ్చుకోలేదు. ఒకసారి విరిగిన చేతులకి కట్టు కట్టే ఆయన, మనుషుల్ని పంపుతున్నందుకు అరటిగెల పంపితే, ఆ గెలకి బస్సు టిక్కెట్టు కొని మరీ వెనక్కి పంపించారు. "సత్యంగారు చెప్పేరు" అనే ఆ రెండు ముక్కలే ఆయన ఆస్తి. అంతకుమించి ఆస్తి లేదు, ఉండాలన్న కోరికా లేదు. తన మాట మీద ఒక మనిషి కదిలి వెళ్ళి బాగుపడి రావడమంటే ఆయనకి అన్నం తిన్నంత తృప్తి.

రెండువేల అయిదో సంవత్సరంలో పక్క గదిలో ప్రసన్న నెట్ సెంటరు పెట్టింది. ఆ అమ్మాయి సత్యంగారి భార్య భూలక్ష్మిగారికి అక్క కూతురు వరస. కంప్యూటర్ డిగ్రీ చదివి, నాలుగు కంప్యూటర్లు కొని, గంటకి ఇరవై రూపాయలని బోర్డు కట్టింది. జిరాక్సు కొట్టు దగ్గర జరిగే ఈ సలహాల వ్యవహారమంతా నాలుగు నెలలు చూసి, ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"బాబాయిగారూ, మీరు ఊరికే చేసే ఈ పనికి అమెరికాలో డబ్బులిస్తారండి, తెలుసా?"

"మంచిమాట చెప్పినందుకు డబ్బులేంటమ్మా?"

"దాన్ని అఫిలియేట్ మార్కెటింగ్ అంటారండి. కంపెనీవాళ్ళు మీకో లింకిస్తారు. దాన్ని ఎవరైనా నొక్కి, వాళ్ళ సరుకు కొన్నారనుకోండి, మీకు కమీషనొస్తుంది. ఇంట్లో కూర్చునే."

సత్యంగారికి ముందు నవ్వొచ్చింది. తరువాత కొంచెం దిగులేసింది. ఊళ్ళో అప్పటికే ఆరు జిరాక్సు కొట్లు లేచాయి, ఆయన మెషీను రోజులో సగంసేపు చల్లగానే ఉంటోంది. సరే చూద్దామన్నారు.

ప్రసన్న సరుకుల పట్టిక తెరిచింది. మంచు ఊడ్చే యంత్రం, కుక్కలకి పళ్ళు తోమే బ్రష్షు, గురక ఆపే పట్టీ. మంచు ఊడ్చే యంత్రం బాగుంటుందో లేదో అమలాపురంలో తేల్చడం కుదరదు. కుక్కల సంగతి వీధికుక్కల్ని అడగాలి. ఇక మిగిలింది పట్టీ.

"ఒకటి శాంపిలు పంపమని రాయమ్మా. నెల్లాళ్ళు కట్టుకుని చూసి చెప్తాను."

"శాంపిళ్ళివ్వరండి. కింద రాసేరు చూడండి, తొంభైరెండు శాతం మందికి తగ్గిందంట."

"మిగతా ఎనిమిదిమందికీ ఏమైందమ్మా?"

ప్రసన్న పేజీని ఇంకా కిందకి జరిపింది. మామూలుగా అయితే సత్యంగారు అక్కడే లేచి వచ్చేసేవారు. ఆ రోజు లేవలేదు. తాను చూడని వస్తువుకి తన మాటిచ్చారు, ఇరవై ఏళ్ళలో మొదటిసారి. ఆయన చేసిన తప్పల్లా అదొక్కటే. ఈ కథలో నాకు ఆయన మీద కోపమొచ్చేదీ ఈ ఒక్క చోటే.

ప్రసన్న ఆయన పాస్‌పోర్టు సైజు ఫొటో పెట్టి, పైన "సత్యంగారు చెప్పేరు" అని పేరు పెట్టి, కింద లింకు తగిలించి ఒక పేజీ తయారుచేసింది. సత్యంగారు కొట్టుకొచ్చిన ప్రతివారితోనూ, "నెట్‌లో మనదో లింకుందండి. వీలైతే ఒకసారి నొక్కండి," అనేవారు.

గోదావరి వాళ్ళని వీలైతే అని అడిగితే వీలు చేసుకుంటారు. పెద్దమనిషి నోరు తెరిచి అడిగాక నొక్కకపోవడమంటే పిలిచిన పెళ్ళికి వెళ్ళకపోవడమే. ఊరు ఊరంతా నొక్కడానికి బయల్దేరింది. బండారులంక నుంచి నేతపనివాళ్ళు మధ్యాహ్నం మగ్గాలాపి వచ్చారు. వేదపండితులు బాలగంగాధరంగారు వర్జ్యం వెళ్ళేదాకా బయటే ఆగి, తరువాత లోపలికొచ్చి నొక్కి, మౌసు మీద అక్షింతలు వేసి ఆశీర్వదించారు. రాలేనివాళ్ళు మనిషిని పంపారు. "మా పెద్దన్నయ్యగారి తరఫున కూడా ఇంకోటి నొక్కేనండి, ఆయనకి ఒంట్లో బాలేదండి," అని చెప్పుకున్నారు.

నొక్కినవారు ఊరికే పోతారా? సత్యంగారికి కనబడి, "నొక్కేసేమండీ," అని చెప్పి మరీ వెళ్ళాలి. అలా వచ్చినవారిని కాఫీ ఇవ్వకుండా పంపడం ఎలాగ? కొట్టు వెనకే ఇల్లు. భూలక్ష్మిగారు పొద్దున్న ఎనిమిదింటికి పొయ్యి వెలిగిస్తే సాయంత్రం దాకా ఆర్పే పని లేకపోయింది.

"ఏవండీ, ఒక్కో నొక్కుడుకీ ఒక్కో కాఫీ అయితే మనం నిలుస్తామా అండీ?" అని ఆవిడ నాలుగో రోజున అడిగారు.

నెల తిరిగేసరికి వెయ్యిన్నీ నూటపన్నెండు నొక్కుళ్ళు పడ్డాయి. అమ్మకం ఒక్కటీ లేదు. నొక్కాక కొనాలన్న సంగతి ఎవరికీ తోచలేదు, తోచినా కొనడానికి కార్డు లేదు. ఇంతలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వెయ్యిమంది ఒకే చోటి నుంచి వచ్చి, నాలుగేసి సెకన్లు ఉండి వెళ్ళిపోవడానికి కారణం తెలపమన్నారు.

సత్యంగారు జవాబు చెప్పగా ప్రసన్న ఇంగ్లీషులో కొట్టింది. వచ్చినవారందరూ మావాళ్ళేనండి, అభిమానంతో వచ్చారు. వెనక లైను ఉండడం వల్ల ఎక్కువసేపు కూర్చోలేకపోయారు, అన్యథా భావించవద్దు. అనుమానముంటే తమరు కుటుంబసమేతంగా దయచేసి మా ఇంట్లో దిగండి, పూతరేకులు చేయించి ఉంచుతాం. ఆ ఉత్తరం చదివి అక్కడివాళ్ళు ఏమనుకున్నారో తెలియదు గాని, రాలేదు. ఖాతా కూడా తీసెయ్యలేదు.

చివరికి కువైట్లో డ్రైవరుగా ఉన్న కృపారావు కొన్నాడు. అతనిది అల్లవరం. సెలవులకొచ్చి మామగారింట్లో పడుకున్నప్పుడల్లా ఆయన గురకకి అతనికి కునుకు పట్టేది కాదు. "సత్యంగారు చెప్పేరు" అన్న పేజీ చూసి, ఇంక ఆలోచించకుండా పట్టీ కొని అల్లవరం పంపించేశాడు.

మామగారు రత్నంగారు రొయ్యల చెరువుకి కాపలా. పట్టీ గడ్డం కిందనుంచి నెత్తిమీదకి బిగించి కట్టుకోవాలి. కట్టుకున్నాక నోరు తెరవడం కుదరదు. గురక ఆగిన మాట నిజమే. మూడో రోజు మధ్యాహ్నం భోంచేసి, పట్టీ బిగించుకుని, పాకలో ఒరిగారు. మెలకువ వచ్చేసరికి ఇద్దరు మనుషులు చెరువులో వల వేసి తట్ట నింపుకుంటున్నారు. ఎవర్రా అని అరుద్దామంటే నోరు విడలేదు. పట్టీ ముడి తలవెనక ఎక్కడో చిక్కుకుంది. ఆయన రెండు చేతులతో దాంతో పెనుగులాడుతూ ఊఁ ఊఁ అంటుంటే, వాళ్ళు పనులన్నీ సర్దుకుని, తట్ట నెత్తికెత్తుకుని, "వెళ్ళొస్తామండీ," అని చెప్పి మరీ వెళ్ళారు.

రత్నంగారు మర్నాడు పట్టీ పట్టుకుని అమలాపురం వచ్చారు. కేకలెయ్యలేదు. స్టూలు మీద కూర్చుని, "మీరు చెప్పేరు కదా అని కట్టుకున్నానండి," అన్నారు, అంతే. సత్యంగారు రొయ్యల ఖరీదు ఇచ్చుకుంటానన్నా, చేతులు పట్టుకున్నా ఆయన ఒప్పుకోలేదు. కాఫీ తాగి వెళ్ళిపోయారు. తిట్టి పోయినా సత్యంగారికి అంత బాధ అనిపించేది కాదు.

ఆ తరువాత పదిరోజులకి అమెరికా నుంచి చెక్కు వచ్చింది. తొమ్మిది డాలర్లు. ముసురు రోజులు, గోడలన్నీ చెమ్మ. ఇరవై ఏళ్ళుగా మంచి కాగితం కనబడితే ఆయన చెయ్యి చేసే పని ఒకటే కదా. బ్యాంకుకి తీసుకెళ్ళేలోగా పాడవకుండా ఉంటుందని చెక్కుని లామినేషన్ చేసేశారు.

బ్యాంకు మేనేజరు దాన్ని వెలుగుకి పట్టి చూసి, చేత్తో వంచి చూసి, "చాలా బాగా చేసేరండి. కానీ ఇది ఇంక చెల్లదండి," అన్నారు.

ఆ చెక్కుని పారెయ్యడానికి సత్యంగారికి మనసొప్పలేదు. తన పేరు పూర్తిగా, ఒక్క అక్షరం కూడా ఎగరగొట్టకుండా అచ్చేసిన మొదటి కాగితం అది. కొట్లో గోడకి మేకు కొట్టి వేలాడదీశారు. వచ్చినవారు ఇదేంటండీ అని అడిగితే, "కమీషనండి. రత్నంగారి పట్టీకి ఇచ్చేరు," అని ఉన్నదున్నట్టు చెప్పారు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు.

జనం ఆ చెక్కు వంక చూశారు. తరువాత ఆయన వంక చూశారు. తరువాత తమ నోట్లో కట్టించుకున్న పళ్ళ గురించి, వేయించుకున్న బోర్ల గురించి ఆలోచించుకున్నారు.

"అయితే సత్యంగారూ, ఆ పన్ను డాక్టరమ్మగారు కూడా మీకేమైనా…" అని మొదట అడిగినవారు కేశవరావుగారు. ముప్పై ఏళ్ళ స్నేహితుడు. సత్యంగారి ముఖం చూసి వెంటనే సర్దుకున్నారు. "అబ్బే, తప్పేం లేదండీ. మీకు మాత్రం ఖర్చులుండవా ఏంటి!"

అందరూ అలాగే అన్నారు. ఒక్కరూ నిలదియ్యలేదు. ఎంతో మర్యాదగా, ఎంతో అర్థం చేసుకుని, క్షమించేశారు. చెయ్యని నేరానికి క్షమ దొరికితే మనిషి ఎక్కడికి వెళ్ళి మొరపెట్టుకోవాలి?

సత్యంగారు స్టాంపు పేపర్లు కొన్నారు. పన్ను డాక్టర్లిద్దరి దగ్గరికీ, దర్జీ దగ్గరికీ, బోర్లవాడి దగ్గరికీ, కాన్పుల డాక్టరమ్మ దగ్గరికీ తిరిగి, ఈయనకి మేము ఏనాడూ ఏమీ ఇవ్వలేదని రాయించుకొచ్చారు. కాన్పుల డాక్టరమ్మ, అసలు తమరెవరో నాకు తెలియదే అన్నారు. అదే రాసివ్వండమ్మా అన్నారు సత్యంగారు. అన్నిటినీ లామినేషన్ చేసి, చెక్కు తీసేసి, ఆ గోడకే వరసగా కట్టారు.

"ఏమీ పుచ్చుకోనివారు ఇన్ని స్టాంపు పేపర్లు ఎందుకు రాయించుకుంటారండీ?" అనుకుంది ఊరు. "చెక్కు కూడా దాచేసేరు చూసేరా?" అని కూడా అనుకుంది.

మెల్లిగా జనం సలహాలు అడగడం మానేశారు. వచ్చేవారు, జిరాక్సు తీయించుకునేవారు, నమస్కారం పెట్టి వెళ్ళేవారు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ భూలక్ష్మిగారు మిక్సీ ఏ కొట్లో కొనమంటారని అడిగి, ఆయన నోరు తెరిచేలోపు నవ్వేసి, "మీకు ఎక్కడ గిట్టుబాటైతే అక్కడే కొందాం లెండి," అన్నారు. పాపం వేళాకోళానికే అన్నారు. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

నాలుగు నెలలు గడిచాక పీచు మిల్లులో పనిచేసే దుర్గమ్మ రేషను కార్డు జిరాక్సుకని వచ్చింది. కంప్యూటరు ఎలా ఉంటుందో ఆవిడ ఎరగదు. కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూస్తూ, "బాబుగారూ, ఓ యేడాది నుంచి కళ్ళు మసకేసిపోతన్నాయండి. ఎవరికి చూపించుకోమంటారండి?" అంది.

సత్యంగారు ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, ఏ కన్ను, ఎప్పట్నుంచి, సాయంత్రమైతే ఎక్కువా అని అరగంట అడిగారు. డాక్టరు పేరు, వెళ్ళవలసిన రోజు, ఎక్కవలసిన బస్సు, దిగాక అడగవలసిన గుర్తులు అన్నీ కాగితం మీద రాసి, ఎవరిచేతనైనా చదివించుకోమని చెప్పి, తడిస్తే పోతుందని లామినేషన్ కూడా చేసి ఇచ్చారు. ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నారు.

నెల దాటాక దుర్గమ్మ నల్లకళ్ళద్దాలతో కొట్టు మెట్లెక్కింది. అద్దాలు తీసి, గోడ మీద బల్లిని చూపించి, దాని తోక తెగి మళ్ళీ మొలుస్తోందని చెప్పింది. సత్యంగారికి ఆనందం పట్టలేదు. తన మాట ఇంకా చచ్చిపోలేదు, ఒక మనిషికి చూపు తెచ్చింది. "భూలక్ష్మీ, కాఫీ!" అని లోపలికి కేకేశారు.

దుర్గమ్మ కొంగుముడి విప్పి, మడతలు పెట్టిన పదిరూపాయల నోటు తీసి, రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది.

"ఇదేంటి దుర్గమ్మా?"

"మీదేనండి. మిల్లులో అందరూ చెప్పేరండి, మీకివ్వాలంట కదండి. తెలిసీ ఇవ్వకపోతే మర్యాద కాదు కదండి."

సత్యంగారు ఆ నోటు వైపు చూశారు. చెయ్యి చాపలేదు. దుర్గమ్మ కొత్తగా వచ్చిన చూపుతో ఆయన ముఖంలోకి పరీక్షగా చూసి, నొచ్చుకుంది.

"తక్కువైందాండీ?" అంది. "ఆదివారం ఇంకో అయిదు తెచ్చిస్తానండి."