గాలికి వంగిన ఫవ్వారా

ఫవ్వారా తాత పోయాడన్న సంగతి నాకు మంగళవారం పొద్దున పార్కు గేటు దగ్గర తెలిసింది. తోటపని చూసే అక్క చీపురు గోడకు ఆనించి, నా కోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంది.

"ఫోన్ చేద్దామనుకున్న, చేతులాడలే. తాత పోయిండు బిడ్డా. నిన్న పొద్దుమూకి, మూసాపేటల, ఆయన బిడ్డింట్ల. చాయ్ తాగుకుంట కూసున్నడట. గట్లనే ఒరిగిండట."

అక్క రోజూ ఫవ్వారా మోటారు వేసే వేళ అది. తాళంచెవి చేతిలో పెట్టుకొని, "ఇయ్యాల వెయ్యాల్నా, వద్దా?" అని నన్నే అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు, ఆయన ఎవరో మీకు చెప్పాలి.

మా పార్కు రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, ఆఫీసు టవర్ల వెనక ఉంటుంది. దాని నడుమ ఒక రాతి ఫౌంటెన్ ఉంది, అందరూ ఫవ్వారా అంటారు. కింద గుండ్రని తొట్టి, మధ్యలో నాలుగు చిలుకలు చెక్కిన స్తంభం, దాని మీద తామర రేకుల అంచుతో పెద్ద గిన్నె. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది ఎండిపోయే ఉంది. ఒకసారి నీలం రంగు, ఇంకోసారి బంగారు రంగు పూశారు. తొట్టిలో చిప్స్ ప్యాకెట్లు, ఎండుటాకులు. మా నాన్న దాన్ని చూసి "ఏదో సిమెంటుదిలే" అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

కిందటేడు, దాన్ని తీసేసి ఫొటోలు దిగడానికి పెద్ద పెద్ద అక్షరాల బోర్డు పెడతారని తెలిసింది. కాలనీవాళ్లు సంతకాలు పెట్టి ఇచ్చారు. పార్కు పనులు చూసే ఇంజినీర్ మేడమ్ ఒక్క అవకాశం ఇచ్చింది. వానలు మొదలయ్యేలోపు బాగుచేసి సరిగ్గా నడిపిస్తే ఉంచుతారు, లేకపోతే పీకేస్తారు. రాతిపని తెలిసినవాళ్లు ఎవరున్నారని మేడమ్ అడిగితే, తోట అక్క చెప్పింది: "ఎవరో ఎందుకమ్మా? దాన్ని చెక్కినోళ్లల్ల ఒకాయన బతికే ఉన్నడు."

అలా వచ్చాడు తాత. తెల్ల పంచె, భుజాన ఎర్ర తువ్వాల, చంకలో గుడ్డసంచి. నేను డిగ్రీలో తెలుగు చదువుతున్నాను. ఆ సెమిస్టర్‌లో మా తెలుగు మేడమ్ మీ వీధి చరిత్ర రాసుకురమ్మంది. మా వీధికి చరిత్ర ఎక్కడిదని విసుక్కుంటూ, నోట్‌బుక్ పట్టుకొని పార్కులో కూర్చున్న రోజునే ఆయన వచ్చాడు.

వస్తూనే తొట్టిలోకి దిగి, గిన్నె అంచు మీద వేలి ముడితో టక్కున కొట్టి, చెవి ఆనించాడు. రెండడుగులు జరిగి మళ్లీ కొట్టాడు. ఇన్ని పూతల రంగు కింద నుంచి ఆ రాయి గుడిగంటలా మోగింది! నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఒక్కచోట మాత్రం చప్పుడు మొద్దుగా వచ్చింది. అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు. తర్వాత రంగు తీసి చూస్తే, సరిగ్గా ఆ గీత కింద వెంట్రుకంత పగులు కనబడింది.

"రాయి మాట్లాడుతుందా తాతా?" అన్నాను.

"రాయేం మాట్లాడది బిడ్డా. అబద్ధమాడది, గంతే."

ఆ రోజే నాకు గొడుగు గుండు కథ చెప్పాడు. పార్కుకు తూర్పున ఇప్పుడు అద్దాల టవర్ ఉన్న చోట ఒకప్పుడు పెద్ద బండ ఉండేదట. దాని మీద గొడుగు విప్పినట్టు ఇంకో బండ. మేకలు కాసేవాళ్లు వాన వస్తే దాని కింద నిలబడేవారట. తాత తన చిన్నతనంలో ఎన్నోసార్లు నిలబడ్డాడట. రోడ్డు వేయడానికి ఆ బండలను పేలుస్తున్నప్పుడు, తాతకు పని నేర్పిన ఉస్తాద్ వెళ్లి అందరి కాళ్లావేళ్లా పడి పైబండను అడిగి తెచ్చుకున్నాడు. "కంకర కాకముందు నాకియ్యుర్రి" అన్నాడట. దాన్ని తలకిందులు చేసి, నెలల తరబడి చెక్కితే గిన్నె అయింది.

"గొడుగును తిరగేస్తే గిన్నే కదా" అన్నాడు తాత, అదేమంత పెద్ద సంగతి కానట్టు.

నేను ఆ గిన్నె మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తీయలేకపోయాను. ఎన్ని కోట్ల ఏళ్ల రాయో అది. వానను ఆపిన రాయి వానంత నీటిని పట్టే రాయి అయింది. రోజూ దాని పక్కనుంచి ఫోన్ చూసుకుంటూ నడిచివెళ్లాను నేను.

పని మొదలైంది. తాత రోజూ మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేవాడు. మూడో రోజు మధ్యాహ్నం దాకా రాలేదు. సంచిలో ఉలులు చూసి స్టేషన్‌లో కుర్ర సెక్యూరిటీ ఆపేశాడట. వెనక్కి తిరిగి, రెండు బస్సులు మారి వచ్చాడు. కోపం లేదు సరికదా, ఒకటే నవ్వు. "ఇంత వయసొచ్చినంక నన్ను జూసి భయపడ్డోడు గా పోరడొక్కడే!" ఆ రోజు నుంచి ఉలులు అక్క పనిముట్ల గదిలోనే ఉన్నాయి.

కూలీలు గ్రైండర్ తెస్తే ఒప్పుకోలేదు. రంగును కరిగించే మందు పూసి, వెదురు బద్దతో గీకించాడు. నీలం కింద బంగారు రంగు, దాని కింద తెలుపు, చివరికి గులాబీ చాయ ఉన్న బూడిదరంగు రాయి. మా అమ్మ సాయంత్రం ఫ్లాస్కుతో కాఫీ తెచ్చి, "పెద్దాయనా, కాసేపు కూర్చోండి. ఈ వయసులో ఇంత పని ఎందుకండీ?" అనేది. "కూసుంటె లేవనమ్మా, గందుకే కూసుంట లేను" అంటూ నిలబడే తాగేవాడు.

చిలుకల్లో ఒకదానికి ముక్కు విరిగి ఉంది. మెడ వెనక్కి తిప్పి చూస్తున్న చిలుక అది. సిమెంటుతో ముక్కు పెడతానని మేస్త్రీ అంటే తాత చెయ్యి అడ్డం పెట్టాడు. "విరిగింది విరిగినట్టే కనబడాలె. అతికిస్తె అది చిలుకా గాదు, రాయీ గాదు." తర్వాత నన్ను పక్కకు పిలిచి చెప్పాడు, అది పని నేర్చుకుంటున్న రోజుల్లో ఆయన చెక్కిందేనట. ముక్కు విరిగింది కూడా ఆయన ఉలి తగిలే. "ఉస్తాద్ తిట్టలే. 'ఇగ జన్మల మర్చిపోవు' అన్నడు. మర్చిపోలే."

వానలకు ముందు నీళ్లు వదిలి చూసే రోజు వచ్చింది. ఇంజినీర్ మేడమ్ ఫైలు పట్టుకొని వచ్చింది. వాకింగ్‌కు వచ్చినవాళ్లు చుట్టూ మూగారు. గిన్నె నడుమ నీళ్లు చిమ్మే పైపు పడమటి వైపు వేలెడంత ఒరిగి ఉండటం మేడమ్ చూసింది.

"తాతా, పైపు వంకరగా ఉందేంటి?"

"వంకర గాదమ్మా, వంపు. మా ఉస్తాద్ గిట్లనే పెట్టిండు. ఈడ పడమటి గాలి జోరు. ధారను గాలికి ఎదురు వంచితే, గాలే దాన్ని తెచ్చి నడుమ నిలబెడ్తది."

అక్క మోటారు వేసింది. నీళ్లు నిలువెత్తున లేచాయి. గాలి వచ్చింది. ధార నడుమకు రాలేదు. ఇంకా పడమటికే పరుగెత్తి, గిన్నె దాటి, తొట్టి దాటి, దారి మీద, మేడమ్ ఫైలు మీద, వాకింగ్ బూట్ల మీద కుమ్మరించింది. ఎవరో "తాతా, నల్లా బిల్లు లేకుండ స్నానం చేయించినవ్!" అన్నారు. అందరూ నవ్వారు. తాత నవ్వలేదు.

మేడమ్ ఫైలు తుడుచుకుంటూ నెమ్మదిగానే చెప్పింది. "ఆదివారం మళ్లీ వస్తాను తాతా. సోమవారం రిపోర్టు పంపాలి. నీళ్లు దారి మీద పడితే తీసేయమనే రాస్తాను. పెద్దవాళ్లు ఎవరైనా జారిపడితే జవాబు చెప్పాల్సింది నేను."

అందరూ వెళ్లాక తాత తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం నేను మొదటిసారి చూశాను. "ఉస్తాద్ దీన్ని కంకర కాకుంట ఆపిండు. నా చేతులల్ల కంకరైతదా ఏంది?" అన్నాడు, నాతో కాదు.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. తువ్వాల అంచు చింపి, ఆ ఎర్ర పేలికను ఒక కర్రకు కట్టి, ఫవ్వారా పక్కన పాతాడు. పనిముట్టు ఒక్కటీ ముట్టలేదు. పేలికను చూస్తూ మూడు రోజులు ఉన్నాడు. కాలేజీ అయ్యాక నేను పరుగెత్తుకొచ్చేదాన్ని. "రాసుకో బిడ్డా. ఎప్పుడు ఎటు ఊగుతున్నదో రాసుకో." రాశాను. నేను లేని వేళల్లో అక్క నేల మీద సుద్దతో బాణం గుర్తులు వేసేది, వచ్చి వాటిని ఎక్కించుకునేదాన్ని. వీధి చరిత్ర కోసం కొన్న నోట్‌బుక్ నిండా గాలి పోయిన దారులే.

మూడో రోజు సాయంత్రం ఆ పేజీలన్నీ వరసగా చదివి వినిపించాను. తాత కళ్లు మూసుకొని విన్నాడు. తర్వాత లేచి, తూర్పున ఉన్న అద్దాల టవర్ వైపు తలెత్తి చూశాడు. పైన మబ్బులు తూర్పుకే పోతున్నాయి. కింద పేలిక మాత్రం పడమటికి ఎగురుతోంది. పడమటి గాలి పైనుంచి వచ్చి, ఆ టవర్‌కు కొట్టుకొని, గోడ వెంబడి కిందికి జారి, మా పార్కు మీదుగా వెనక్కి మళ్లుతోంది. ఒకనాడు గొడుగు గుండు నిలబడ్డ చోటి నుంచే వస్తోంది ఆ గాలి!

"గాలి గదే బిడ్డా. తొవ్వ మారింది" అన్నాడు. తర్వాత ఎవరికో తప్పు ఒప్పుకుంటున్నట్టు, "ఉస్తాద్ నాకు నేర్పింది వంపు గాదు. గాలిని చూసుడు. నేను వంపే యాది పెట్టుకున్న" అన్నాడు.

నేను చదివిన ఏ పుస్తకంలోనూ అంత పెద్ద మాట అంత చిన్నగా చెప్పగా చూడలేదు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఆదివారం మేడమ్ వచ్చింది. ఈసారి కాస్త దూరంగా నిలబడింది. పైపు ఇప్పుడు టవర్ వైపు వేలెడంత వంగి ఉంది. తాత ఒక చెంబుతో తొట్టిలో నీళ్లు ముంచి, పొడి గిన్నె మీద చుట్టూ పోశాడు. మోటారు వేసే ముందు ఎప్పుడూ అలాగే చేసేవాడు. "ఎండల కాలింది, ఒక్కసారి మీద పడితె ఉలిక్కిపడ్తది. ముందుగాల చెప్పాలె" అనేవాడు. అప్పుడు అక్కకు తలూపాడు.

నీళ్లు లేచాయి. తూర్పుకు ఒరిగాయి. గాలి వచ్చి వాటి భుజం పట్టుకొని మెల్లగా నిలబెట్టింది. నిలువుగా లేచిన ధార నిలువుగానే గిన్నెలోకి దిగింది. గిన్నె నిండింది. ఒక రేకు కొస నుంచి దారంలా నీరు జారింది, తర్వాత పక్క రేకు నుంచి, తర్వాత అన్నిటి నుంచీ. తడిసిన రాయి గులాబీ రంగుకు తిరిగింది. చిలుకలు నాలుగూ నీటితెర వెనక కదిలినట్టనిపించాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా పక్కనున్న ఒకామె చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, ఆ చప్పుడు వింటూ నిలబడిపోయింది. తాత ఒక్కడే నీళ్లను చూడటం లేదు. వంగి దారిని చూస్తున్నాడు. దారి పొడిగా ఉంది.

"ఇక సిమెంటు పెట్టి బిగించేద్దాం తాతా" అంది మేడమ్, కళ్లు ఫవ్వారా మీద నుంచి తిప్పకుండానే.

"వద్దమ్మా. పాన తోటి తిప్పేటట్టు మర పెట్టియ్యుర్రి. గా పక్కన ఇంకో బిల్డింగుకు గుంత తీస్తున్నరు, జూసినవా? గాలి మల్ల తొవ్వ మారుతది. నేనుండ. గాలుంటది."

మేడమ్ పైపు మొదట్లో, పానతో తిప్పితే వంపు మారే మర పెట్టించింది. తాత ఆ తర్వాత కూడా వారానికోసారి వచ్చేవాడు. చెంబుతో నీళ్లు పోసి, పేలికను చూసి, దారిని తడిమి వెళ్లేవాడు. అక్కకు పాన ఇచ్చి "నువ్వు తిప్పు" అంటే, "అమ్మో, నాకెందుకు, నువ్వున్నవ్ గద" అని అక్క ఎప్పుడూ తప్పించుకునేది.

ఇక మంగళవారం పొద్దున అక్క అడిగిన ప్రశ్న. దానికి జవాబుగా పనిముట్ల గదిలోకి వెళ్లి చెంబు తెచ్చాను. గిన్నె చుట్టూ నీళ్లు పోశాను. అక్క కొంగుతో కళ్లు తుడుచుకొని మోటారు వేసింది.

నీళ్లు లేచాయి, ఒరిగాయి, కానీ నిలబడలేదు. దక్షిణం వైపు దారి మీద టపటపా చినుకులు పడ్డాయి. ఎండకు వెలిసి గులాబీ రంగుకు తిరిగిన పేలిక, ఎన్నడూ లేనట్టు దక్షిణానికి కొట్టుకుంటోంది. తల తిప్పి చూశాం. ఉత్తరాన కొత్త భవనం, పచ్చని వల కప్పుకొని, చెట్లను దాటి లేచింది.

అక్క గదిలోకి వెళ్లి పాన తెచ్చింది. చీర కుచ్చిళ్లు దోపుకొని తొట్టిలోకి దిగింది. నీళ్లు తల మీద పడుతుంటే, పేలికను చూస్తూ, మరను కొంచెం తిప్పింది. ఆగింది. ఇంకొంచెం తిప్పింది.

చినుకుల చప్పుడు ఆగింది. తెల్లటి ధార తాతలా కాస్త వంగి, గాలి తగలగానే నిటారుగా నిలబడింది. దారి మీద తడిమచ్చలు అంచుల నుంచి ఒక్కొక్కటే ఆరిపోవడం చూస్తూ ఇద్దరం అక్కడే ఉన్నాం.