వైకుంఠం చెక్కిన రాష్ట్రాలు

హైదరాబాద్ పత్తర్‌గట్టిలో మా గిన్నెల దుకాణం అరుగు మీద కూర్చుని వైకుంఠం స్టీలు గిన్నెలకు పేర్లు చెక్కేవాడు. కూర్చుని అనడం మాటవరసకే. కాలు కాలిన పిల్లి నయం. గిరాకీ లేనప్పుడు, ఎవరూ తీసుకోని పాత ఇరవై పైసల బిళ్ళలను నున్నగా అరగదీసి, ఒకవైపు రాష్ట్రం పేరు, రెండోవైపు రాజధాని చెక్కేవాడు. దారిన పోయేవాణ్ణి ఆపి, రాష్ట్రం చూపించి రాజధాని అడిగేవాడు. చెప్పలేనివాడు చాయ్ తాగించాలి. నా చేత ఎన్ని చాయ్‌లు తాగించుకున్నాడో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండు వేల సంవత్సరం వచ్చేసరికి గిన్నెలకు పేర్లు చెక్కించుకునేవాళ్ళు తగ్గిపోయారు. ఇల్లు గడవక అతని భార్య విమలాదేవి శాలిబండలో జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. అప్పుడే మలక్‌పేటలో ఒక బడి హెడ్‌మాస్టరు ఆదిశేషయ్యగారు, పిల్లలకు బహుమతులుగా ఏటా ఈ బిళ్ళలే కొంటానన్నారు. గుడివాడ నుంచి వచ్చి ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. ఆ బేరం కుదిరితే వైకుంఠం గట్టెక్కినట్టే.

ఆ నవంబరులో దేశంలో మూడు కొత్త రాష్ట్రాలు పుట్టాయి. వాటినీ చెక్కాడు. అక్కడ ఆగితే వైకుంఠం ఎలా అవుతాడు? వాళ్ళకొచ్చింది మనకెందుకు రాదంటూ ఇంకో బిళ్ళ మీద తెలంగాణ అని, వెనక హైదరాబాద్ అని చెక్కాడు. వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

మాస్టారు వచ్చి ఒక్కో బిళ్ళా తిప్పి చూస్తుంటే వైకుంఠం లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. తెలంగాణ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. ఆంధ్రప్రదేశ్ బిళ్ళను వెతికి తిప్పారు. వెనక ఏమీ లేదు; హైదరాబాద్ తెలంగాణకిచ్చేశాక ఏం చెక్కాలో తోచక వైకుంఠం ఆ వైపు ఖాళీగా వదిలేశాడు.

"మీరే చెప్పుండ్రి సార్, ఏం చెక్కమంటరు?" అన్నాడు వైకుంఠం.

ఆయన ఆ ఖాళీ వైపును బొటనవేలితో తడిమారు.

"హైదరాబాదేనయ్యా. నా పిల్లలు పుట్టిందిక్కడ. ఇంకో పేరు నోటికి రావట్లేదు."

వైకుంఠం అదే చెక్కిచ్చాడు. ఇప్పుడు రెండు బిళ్ళలకూ వెనక ఒకే ఊరు. పిల్లలు ఏది నిజమని అడిగితే చెప్పలేననీ, తెలంగాణ బిళ్ళ తీసేస్తే మిగతావన్నీ పట్టుకెళతాననీ అన్నారు మాస్టారు. గొంతు బతిమాలుతున్నట్టే ఉంది.

"దీన్ని గీకనీకి చేతులొస్తలేవు సార్. మీది గూడ గీకను."

మాస్టారు ఖాళీ సంచితో వెళ్ళిపోయారు. పెళ్ళాం కష్టం మీద తినేవాడికి ఇంత పట్టుదల ఎందుకని నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి, దుకాణంలోంచి ఒక వరస గిన్నెలు తీసి, చెక్కుడు కూలితో సహా అతని ముందు పెట్టాను.

"ఎవల పేరు చెక్కాలె, అన్నా?" అన్నాడు వైకుంఠం.

"ఎవలదో ఒకలది చెక్కు," అన్నాను.