పక్క తిప్పే చేతులు

తొంభైల మొదట్లో మేము కృష్ణానగర్‌లో ఉండేవాళ్లం. పక్షవాతంతో మంచం పట్టిన నాన్నను అమ్మ ఏళ్ల తరబడి చూసుకుంది. వీపు పుండ్లు పడకుండా రాత్రుళ్లు కూడా లేచి ఆయన్ను పక్కకు తిప్పేది. నాన్న పోయాక కూడా ఆ లేవడం పోలేదు. ఉలిక్కిపడి లేచేది, ఖాళీ మంచం చూసేది, ఇక తెల్లారేదాకా అంతే. మనిషి సగమైపోయింది. అమ్మ కూడా నాకు దక్కదేమోనని నిజంగానే భయం వేసింది.

జూబ్లీహిల్స్ గుట్ట మీదున్న డాక్టరమ్మకు చూపించాను. "ఆయన పోయారని మీకు తెలుసు, మీ ఒంటికి ఇంకా తెలీదండీ. పగలు కునుకు తీయొద్దు. ఎండలో తిరగండి. నిద్ర రాకపోతే పక్క మీద దొర్లకుండా లేచి కూర్చోండి. రాత్రి ఎలా గడిచినా పొద్దున్నే ఒకే వేళకు లేవాలి," అంది. అంత గుట్ట ఎక్కించి ఒక్క మాత్ర కూడా రాయని డాక్టరేం డాక్టరని నేను దారంతా సణిగాను.

మా పక్కింటి అక్క జూనియర్ ఆర్టిస్టు. ఆమె గొంతు విప్పితే సందు మొత్తం లేచి కూర్చోవాల్సిందే. సంగతి విని, "గింతేనా? ఫికర్ జెయ్యకు పెద్దమ్మా, నాతోని షూటింగ్‌కు రా. పొద్దుగాల్నే బండొస్తది, పగలంత ఎండల నిలవెడ్తరు. గాడ కునుకు తియ్యనిస్తరా?" అంది. డాక్టరమ్మ చెప్పిన మందూ ఇదేగా! అమ్మ గుంపులో నిలబడటం మొదలుపెట్టింది, ఒకరోజు పెళ్లిలో, ఒకరోజు సంతలో. తోడుగా నేనూ. ఒళ్లు అలిసింది గానీ, నిద్ర మాత్రం బెట్టు చేస్తూనే ఉంది.

ఒకరోజు ఫిల్మ్‌నగర్‌లో హాస్పిటల్ సెట్. మంచం మీద రోగి వేషంలో ఓ పెద్దాయన, పక్కన స్టూలు మీద బంధువుగా అమ్మ. కదలకుండా కూర్చోవడమే ఆమె పని. హీరో డైలాగు మొదలుపెట్టాడో లేదో అమ్మ లేచింది. పెద్దాయన భుజం కింద ఓ చెయ్యి, నడుం కింద ఓ చెయ్యి పెట్టి అటు పక్కకు తిప్పేసి, వీపుకి దిండు దన్ను పెట్టింది.

"కట్! ఏంటమ్మా అది?" డైరెక్టరు అరిచాడు.

"ఇందాకట్నుంచీ ఒకే పక్కన ఉన్నారండీ, పుండ్లు పడతాయి," అంది అమ్మ.

సెట్టంతా గొల్లున నవ్వింది. రెండో టేకులోనూ తిప్పేసింది. నవ్వు ఆపుకోలేక హీరో డైలాగే మర్చిపోయాడు. పెద్దాయన మాత్రం కళ్లు తెరవకుండానే, "నాకు హాయిగానే ఉందండీ, ఆవిణ్ణేమీ అనకండి," అన్నాడు. అప్పుడు అమ్మ కూడా నవ్వింది. నవ్వీ నవ్వీ ఏడ్చేసింది. నాన్న పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఇన్నాళ్లకు ఆ ఏడుపు బయటికొచ్చిందని, చూస్తున్న నాకు పట్టరానంత సంతోషం వేసింది.

ఇంటికి రాగానే అమ్మ తనే నాన్న మంచం ఎత్తి గోడకు ఆనించి, ఆ చోట చాప పరుచుకుంది.

తెల్లారాక, "పెద్దమ్మా, బండొచ్చింది!" అని అక్క కేక. పరుగున వెళ్లి ఆమె నోరు మూశాను. లోపల అమ్మ గురక పెడుతోంది. ఒకే వేళకు లేవాలన్న డాక్టరమ్మ మాట గుర్తుంది గానీ, లేపబుద్ధి కాలేదు. అక్క చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ల మీద గుమ్మం దాకా వచ్చి తొంగి చూసింది.

"జర సూడు, ఎట్ల పండుకుందో," అని గుసగుసగా అంది.

అమ్మ అటు పక్క నుంచి ఇటు పక్కకు తనంతట తానే తిరిగి, మళ్లీ గురక అందుకుంది.