వెనక గోడకు లేని నిచ్చెన

తిరుపతిలో బస్టాండు వెనక వీధిలో మేము బాడుగకుండిన ఇంటికి మూడు అంతస్తులు. కింద ఇంటి ఓనరు సంసారం ఉండేది. నడిమి అంతస్తులో రైల్వేలో పనిచేసే ఒకాయన, ఆయన భార్య. అందరికన్నా పైన నేను, మా అక్క. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరును. అక్క ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. పెళ్ళి మాట ఇద్దరమూ ఎప్పుడో పక్కన పెట్టేసినాము. ఆ ఇంట్లో మాకు సుఖంగానే జరిగిపోయేది.

ఇంటి వెనక గోడకు ఒక ఇనప నిచ్చెన ఉండేది. ఓనరు వాళ్ళ నాయన ఇల్లు కట్టినప్పుడే పెట్టించినాడంట. ప్రతి అంతస్తులోనూ వెనక బాల్కనీని తాకుతూ, కింద గుడ్డలుతికే బండ దగ్గరికి దిగేది. తుడుపుగుడ్డలు ఆరేసుకునేదానికి తప్ప అది ఎవరికీ గుర్తుకొచ్చేది కాదు. ఒకరోజు నేను స్కూలు నుంచి వచ్చేసరికి అది లేదు. గ్యాస్ కట్టరుతో కోయించి పాత సామాన్లవాళ్ళకు ఇచ్చేసినాడు. కోసిన కమ్మీల మొనలు మాత్రం గోడకు అక్కడక్కడా పొడుచుకొని మిగిలినాయి. వెనకపక్క కొండకొచ్చే యాత్రికుల కోసం గదులు వేస్తాడంట, దానికి నిచ్చెన అడ్డమంట.

ఓనరు గేటు దగ్గర నలుగురు స్నేహితులతో కూర్చోని ఉంటే పోయి అడిగినాను. ఉండేది ఒకే మెట్లదారి, మిద్దిమీదికి పోయే తలుపుకు ఎప్పుడూ బీగం వేసుంటాది, రేపు ఏదన్నా అయితే పైన ఉండేవాళ్ళు ఎట్ల దిగేదన్నా, అని మర్యాదగానే అడిగినాను.

“ఏమైతాదమ్మా? మంటలొస్తే దూకేయండి టీచరమ్మా. కింద ఇసక పోయిస్తాలే” అన్నాడు.

ఆ నలుగురూ నవ్వినారు. నేను పైకి వచ్చేసినాను. అక్కతో చెబితే, ఇల్లు ఆయనది, మనకెందుకు పోట్లాట అనింది.

నిప్పు పుట్టింది ఎండాకాలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం. వెనక గదుల పని ఇంకా మొదలే కాలేదు. రైల్వే ఆయన భార్యను తీసుకొని ఊరికి పోయున్నాడు. ఓనరు కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ స్కూటరును మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కనే నిలబెట్టి ఛార్జింగుకు పెట్టేవాడు. అన్నాలు తిని పడుకోనున్నాము. ముందర వాసనొచ్చింది. తలుపు తీస్తే మెట్లన్నీ నల్లటి పొగ. కిందికి పోయేదానికి లేదు. తడి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని పైకి, మిద్దిమీదికి పరిగెత్తినాము. తలుపుకు బీగం. అక్క రెండు చేతులతో ఆ తలుపును బాదింది. బీగంచెవి ఓనరు మొలతాడుకు ఉండాదని మాకు తెలుసు. ఆయన సంసారమంతా అప్పటికే వీధిలో నిలబడుకోనుండారు.

మళ్ళీ ఆ పొగలోనే దిగి ఇంట్లోకొచ్చి తలుపు మూసి, వెనక బాల్కనీలోకి పోయినాము. వెనకింటామె చూసి అరిచింది. ఎవరో సున్నాలేసేవాళ్ళ వెదురు నిచ్చెన తెచ్చి గోడకానించినారు. అది నడిమి అంతస్తు దాకా కూడా అందలేదు. తలుపు సందుల్లోంచి పొగ లోపలికి కారతా ఉంటే అక్క బీరువాలో చీరలు లాగి ఒకదానికొకటి ముడేసింది. బాల్కనీ పిట్టగోడ కమ్మికి కట్టి, నువ్వు ముందర దిగు అనింది. నేను దిగినాను. చేతులు ఒరుసుకపోయినాయి గాని, కింద వెదురు నిచ్చెన కాలికి తగిలింది. దాన్ని పట్టుకొని నేల మీదికి వచ్చినాను.

తర్వాత అక్క. సజ్జ దాటి దిగేటప్పుడు చీర గోడకు ఒరుసుకుంటా ఉండింది. నేను కింద నుంచి చూస్తానే ఉండాను. కోసేసిన నిచ్చెన కమ్మీ మొన ఒకటి చీరకు తగులుకునింది. బట్ట చినిగిన చప్పుడు నాకు వినబడింది. అక్క అరవలేదు. బండ మీద పడింది.

ఆయన పోయిస్తానన్న ఇసక అక్కడ లేదు.

తుంటెముక విరిగింది. ఆపరేషన్ చేసినారు. లేచి నడిచేసరికి ఒక కాలు పొట్టిదయింది. మిషను తొక్కలేక మోటారు పెట్టించుకునింది. ప్రతి ఏడాదీ అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కే మనిషి, మంచం దిగేదానికి నా భుజం పట్టుకునేది.

మేము ఆసుపత్రిలో ఉండగానే ఓనరు వీధిలో కథ పుట్టించినాడు. పైన ఆడవాళ్ళ గ్యాస్ పొయ్యి వల్లనే నిప్పు పుట్టిందంట. ఫైరింజన్ వచ్చేదాకా ఓపిక పట్టకుండా వాళ్ళనెవరు దూకమన్నారంట. నేను ఇంటికి తిరిగి పోయేసరికి మెట్ల కింద కాలిన గోడకు కొత్త సున్నం, కొత్త మీటర్లు. స్కూటరు జాడ లేదు. పోలీసు స్టేషనుకు పోతే, చూసినవాళ్ళను తీసుకురామ్మా అన్నారు. వీధిలో వాళ్ళందరూ చూసినారు. ఒక్కరూ రాలేదు. అందరికీ ఆయనతో ఏదో ఒక పని ఉండాది.

సామాన్లు సర్దుకొని వేరే పేటలో కింది ఇంటికి మారిపోయినాము. అక్క ఇంక మరిచిపోదామనింది. నేను మరిచిపోలేదు. న్యాయం కావాలని కూడా నేను అనుకోలేదు, ఆ మాట పెద్దది. ఆ మనిషి భయపడాల, నలుగురిలో తల దించాల, అది నేను కళ్ళారా చూడాల. నాకు కావలసింది అంతే. పాఠం చెబుతున్నా, బియ్యం ఏరుతున్నా లోపల అదే నడిచేది.

ముందర కాణిపాకం మాట ఎత్తినాను. మా పక్క ఎవరి మాట నిజమో తేలనప్పుడు వరసిద్ధి వినాయకుడి ముందర ప్రమాణం చేస్తారు. అక్కడ అబద్ధమాడేదానికి ఎంతటివాడైనా వెనకాడతాడు. ఒక సాయంత్రం పాలబూతు దగ్గర పదిమంది ఉండగా ఆయన్ని నిలేసి, మా పొయ్యి వల్లనే నిప్పు పుట్టిందని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అని అడిగినాను. అప్పటిదాకా అన్నా, మీరు అని పిలిచినదాన్ని, ఆరోజు నువ్వు అన్నాను. అందరూ చూస్తా ఉంటే ఆయన కాదనలేక, వచ్చే సోమవారం వస్తా పో అన్నాడు.

అక్కను బాడుగ కారులో కూర్చోబెట్టుకొని పోయినాను. గుడి ముందర కొబ్బరికాయలంగడి నీడలో పొద్దు వాలేదాకా కాచుకోనున్నాము. ఆయన రాలేదు. జ్వరమని ఫోను చేయించినాడు. మరుసటి రోజు నేను స్కూలుకు సెలవు పెట్టి ఆ వీధంతా తిరిగినాను. పాలబూతులో, ఇస్త్రీ బండి దగ్గర, ఇడ్లీలంగట్లో, గుడి వాకిట్లో, ఆయన రాలేదు అని మాత్రం చెప్పినాను. ఇంకొక్క మాట కలపలేదు. ఆ పొద్దు ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను. చానా రోజుల తర్వాత రుచి తెలిసింది.

ఆ తర్వాత ఏడాది ఆయన స్టేషను దగ్గర లాడ్జి తెరిచినాడు. ముందరంతా అద్దాలు, రంగు దీపాలు, లోపల లిఫ్టు. నేను చుట్టూ తిరిగి చూసినాను. దిగేదానికి ఒకే మెట్లదారి. వెనకపక్క గోడ నున్నగా ఉండాది.

స్కూలు వదలగానే రోజూ పోయి లాడ్జి ఎదురుగా నిలబడుకునేదాన్ని. బ్యాగులతో వచ్చేవాళ్ళ దగ్గరికి పోయి, పై అంతస్తుల్లో రూము తీసుకుంటే రెండో దారి ఉండాదా అని అడగండి, అని చెప్పేదాన్ని. కొందరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి లోపలికి పోయేవాళ్ళు. ఒకరోజు పులికాట్ పక్క నుంచి చేపలు పట్టే కుటుంబం ఒకటి వచ్చింది. గుండ్లు కొట్టించుకున్న పిల్లోళ్ళు, వాళ్ళవ్వ. ఆ ముసలామె నా మాట మొత్తం వినింది. లోపలికి పోయి కౌంటరు దగ్గర గట్టిగా అడిగింది. పడవలో కూడా నీళ్ళు దూరితే యాడికి దూకాల్నో చూసుకోని ఎక్కుతాము, మీ ఇంట్లో యాడ దూకేది అనిందంట. మూటలెత్తుకొని వాళ్ళందరూ బయటికొచ్చేసినారు. వాళ్ళ వెనకే ఇంకో కుటుంబం కూడా వచ్చేసింది. అద్దాల వెనక నిలబడుకొని ఆయన నన్ను చూసినాడు. నేను కదలలేదు.

మనుషుల్ని పంపించి బెదిరించినాడు. స్కూలు యజమానికి ఫోను చేయించినాడు. అక్క నాతో మాటలు మానేసింది. నేను మానలేదు. అగ్నిమాపక కార్యాలయానికి పోయి ఫిర్యాదిచ్చినాను, మళ్ళీ పోయినాను, వాళ్ళు విసుక్కునేదాకా పోయినాను. చివరికి ఒక అధికారి వచ్చి లాడ్జి చూసి, బయట ఇనప మెట్లు పెట్టేదాకా పై అంతస్తులు మూసేయమన్నాడు. మా పాత ఇంటి సంగతి కూడా నేను వదల్లేదు, దానికీ వెనక మెట్లు పెట్టాలని నోటీసు ఇప్పించినాను.

అప్పుడు ఓనరు మా ఇంటికొచ్చినాడు. యాపిల్ పండ్ల సంచి అరుగు మీద పెట్టి, అక్కతో, “తల్లీ, జరిగిందేదో జరిగిపోయింది. మీ చెల్లెలికి నువ్వన్నా చెప్పు” అన్నాడు.

అక్క నా పక్కకు చూసింది. నేను అడగాల్సింది అడిగినాను. లాడ్జికీ, పాత ఇంటికీ వెనక మెట్లు ఎట్లయినా పెట్టక తప్పదు, అది ప్రభుత్వం చూసుకుంటాది. నాకు కావలసింది వేరే. మా పాత బాల్కనీలోంచి, మా అక్క దిగిన చోటనే ఆయన దిగాల. నిప్పు యాడ పుట్టిందో వీధిలో అందరి ముందర చెప్పాల. అట్లా చేస్తే నేను లాడ్జి ముందర నిలబడేది మానుకుంటాను.

“నేనెట్ల దిగేదమ్మా? ఈ వయసులో, ఈ ఒంటితో?”

“నిచ్చెన నేను తెస్తా” అన్నాను.

తేవడమేమి, అది అప్పటికే మా మంచం కింద ఉండాది. అక్క ఆసుపత్రి నుంచి వచ్చినాక తెప్పించుకున్నాను. మడిస్తే చిన్న పెట్టెలో పడుతుంది. పైన రెండు పెద్ద కొక్కేలు ఉంటాయి, వాటిని పిట్టగోడ మీద గట్టిగా తగిలించి కిందికి వదిలితే ఇనప మెట్లు గలగలమని జారిపోతాయి. మెట్లు గోడకు అతుక్కోకుండా, పాదం పట్టేట్టు, వాటికి అక్కడక్కడా చిన్న ఆనుపులు ఉంటాయి. గోడ పక్కకు తిరిగి దిగాల. కిందికి చూడకూడదు. ఒకరు దిగినాకనే ఇంకొకరు. మా స్కూలు మిద్ది మీది నుంచి దిగి దిగి నాకది అలవాటయింది. అది మా అక్క చేతిలో ఆరోజే ఉండుంటే అని అనుకోకుండా ఒక్కసారి కూడా దిగలేదు.

ఆయన వారం రోజులు బతిమలాడి, చివరికి ఒప్పుకున్నాడు. లాడ్జి ముందర నన్ను చూసి చూసి విసిగిపోయినాడు.

ఒక ఆదివారం పొద్దున వీధంతా వచ్చింది. సాక్ష్యానికి రానివాళ్ళందరూ వచ్చినారు. అక్కకు కుర్చీ వేయించినాను. ఆయన నడుముకు తాడు కట్టించి, పైన ఇద్దరు గట్టి మనుషులను పట్టుకోమన్నాను. ఆయన చావాలని నాకు లేదు. ఆయన పంచె ఎగగట్టుకొని పిట్టగోడ దాటినాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే నిచ్చెన ఊగింది. కొంచెం దిగినాడు. సజ్జ దగ్గరికొచ్చేసరికి కిందికి చూసినాడు. అంతే, నిలిచిపోయినాడు. రెండు చేతులూ మెట్టును కరుచుకున్నాయి. కాళ్ళు వణుకుతా ఉంటే ఇనుము గోడకు టకటక కొట్టుకునింది. అమ్మా, అమ్మా అని చిన్నగా అంటా ఉన్నాడు. ఆయన భార్య ఏడ్చింది.

పైనున్నవాళ్ళు లాగేద్దామా అన్నట్టు నా పక్కకు చూసినారు. నేను చెయ్యెత్తలేదు.

“పాపా, సాలు. దింపించు” అనింది అక్క.

“ఇంకొంచెం సేపు” అన్నాను.

గోడకు అతుక్కొని వేలాడే ఆ మనిషిని నేను తృప్తిగా చూసినాను. అక్క పడినప్పుడు గోడ మీద ఏ మొన దగ్గర చీర చినిగిందో, సరిగ్గా ఆ పక్కనే ఆయన భుజం ఉండింది. చాలినాక, గోడ పక్కకు తిరిగి ఒక్కో కాలే పెట్టి దిగు అని కింద నుంచి నేనే చెప్పినాను. నేను చెప్పినట్టే దిగినాడు. బండ మీద కూలబడి, ముఖం తుడుచుకొని, స్కూటరు ఛార్జింగు దగ్గరే నిప్పు పుట్టిందని అన్నాడు. వినబడలేదు అన్నాను. మళ్ళీ గట్టిగా అన్నాడు. నా మాట నేను నిలబెట్టుకున్నాను, ఆ తర్వాత లాడ్జి పక్కకు పోలేదు.

ఆటోలో ఇంటికి పోయేటప్పుడు అక్క రెండు చేతులతో కాలు సర్దుకొని కూర్చునింది. వంతెన దాటినాక, “నా కాలు నీకు బాగా పనికొచ్చిందే” అనింది. రాత్రికి ఇద్దరమూ ఒకే చోట కూర్చోని అన్నం తిన్నాము. ఆ మాట తను మళ్ళీ ఎత్తలేదు.

పాత ఇంటికి వెనక మెట్లు వచ్చినాయి. మొన్నొకరోజు ఆ వీధిలో పనిబడి, వెనక సందులోంచి ఎక్కి చూసినాను. మంచి ఇనుము, పట్టుకునేదానికి కమ్మి కూడా ఉండాది. పైన బాల్కనీలో గుడ్డలు ఆరేస్తా ఉండిన ఒకామె నన్ను చూసి ఉలిక్కిపడింది. ఒకప్పుడు ఈ ఇంట్లో ఉండినానని చెప్పి, మెట్ల మీద కుండీలు, సామాన్లు పెట్టొద్దమ్మా అన్నాను.

“మా ఓనరు కూడా అదే చెప్తాడక్కా. వారానికొకసారి ఆయనే వచ్చి చూసిపోతాడు. శానా మంచోడు” అనింది.

నాకు సంతోషం కలగలేదు. ఆయనకు భయం నేర్పింది నేను. మంచోడనే పేరు మాత్రం ఆయనకు మిగిలింది. ఆ పేరు కూడా లాగేసుకోవాలని, జరిగిందంతా ఒక నిమిషం నోటిదాకా వచ్చింది. ఆమె చంకలో బిడ్డ ఉండాది. ఏమీ చెప్పకుండా, గోడ పక్కకు తిరిగి, దిగొచ్చేసినాను.