మాలోన్ అంటే సత్రం కాదు

ఆ వారం మా తెలుగు సంఘం పాస్టరుగారు ఊళ్ళో లేక ఆదివారం వాక్యం నన్ను చెప్పమన్నారు. నేను బెంగాల్లో గార్డెన్ రీచ్‌లో ఒక రవాణా కంపెనీ గుమాస్తాను. కుర్రతనంలో సాయంత్రం తరగతులకు వెళ్ళి కాస్త హెబ్రీ నేర్చుకున్నాను, అంతే నా అర్హత.

శనివారం మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని చదువుకుంటూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. తన జనాన్ని విడిపించడానికి ఐగుప్తుకు తిరిగి వెళ్తున్న ప్రవక్త, దారిలో బస చేసిన చోట చావు అంచుదాకా వెళ్తాడు. భార్య చొరవ వల్ల బతుకుతాడు. ఆ చోటును మన తెలుగు బైబిల్లో సత్రం అన్నారు. సత్రం అంటే నాకు అరుగులు, వంటపాక, వాకిట్లో నుయ్యి కనిపిస్తాయి. హెబ్రీలో ఉన్న మాట మాలోన్. రాత్రి గడపడం అనే క్రియలోంచి పుట్టింది. రాత్రి గడిపే చోటు, అంతకుమించి ఏమీ లేదు. ఆ మాటలో గోడలు లేవు, కప్పు లేదు, రేపు కూడా ఉండొచ్చన్న హామీ అసలే లేదు. ఏటి ఒడ్డున రాళ్ళ మధ్య నడుం వాల్చినా అది మాలోనే.

అప్పుడే వెనక గోడ టప్పుమంది. అమ్మ తింటున్న కంచంలో పెచ్చు రాలింది.

మాది మునిసిపల్ పారిశుధ్య కార్మికుల పాత క్వార్టర్సు. పక్క స్థలంలో పెద్ద భవనం కోసం లోతుగా గొయ్యి తీస్తున్నారు. అప్పటినుంచి మా గోడ బీటలు వారుతూనే ఉంది. కాసేపటికే కింద ఈలలు వినిపించాయి. కార్పొరేషన్ వాళ్ళు అరుస్తున్నారు: "నామూన్ దాదా! షొబాయ్ నామూన్!" అందరూ దిగిపోండని.

"అమ్మా, లే. దిగాలి."

"ఏటి, మళ్ళీ కొన్నాల్లకేనా?" అంది, కంచం పక్కకు జరిపి.

శ్రీకాకుళం నుంచి వచ్చిన మా తాతకు ఈ గది ఇచ్చినప్పుడు కూడా కొన్నాళ్ళకే అన్నారట. మా నాన్న ఇందులోనే పుట్టి ఇందులోనే పోయాడు.

"అవన్నీ ఇప్పుడా? గోడ పడిపోతోందమ్మా!"

"పడితే పడనీ. నాను రాను. నువ్వెల్లు."

చెయ్యి పట్టుకు లాగాను. విదిలించుకుంది. మెట్ల మీద జనం దడదడా దిగిపోతున్నారు. మళ్ళీ చెయ్యి పట్టబోయాను. ఆమె నన్ను కాదు, పైకప్పును చూస్తోంది.

"పైన ముసల్ది ఒక్కర్తే ఉందిరా. కొడుకు డూటీకెల్లిపోనాడు. దాన్నొగ్గేసి నానెలా దిగుతాను?"

పైగదిలో ఒక బెంగాలీ పెద్దావిడ ఉండేది. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయింది. రోజూ మధ్యాహ్నం ఆమెకు అమ్మే అన్నం పెట్టేది. ఆవిడ సంగతి నాకు గుర్తే రాలేదు.

"నేను తెస్తాను. నువ్వు బయటికి పో."

"నువ్వు దింపు. నాను మెట్లకాడుంటాను."

వాదించే వ్యవధి లేదు. పక్కగది అతన్ని కేకేసి ఇద్దరం పైకి పరిగెత్తాం. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆవిడ మంచం పట్టె గట్టిగా పట్టుకుని "జాబో నా" అంది, రాను పొమ్మని. బతిమాలాను. వినలేదు. ఎత్తి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పాతచీరతో కట్టి, చెరోవైపు పట్టుకున్నాం. మెట్ల కమ్మీ గోడనుంచి ఊడిపోయి ఊగుతోంది. కాలు పెట్టినప్పుడల్లా కింద ఇసక రాలుతున్న చప్పుడు. ఆవిడ కొడుకునీ కార్పొరేషన్నీ, కుర్చీ వంకరగా పట్టుకున్న నన్నూ తిడుతూ సణుగుతూనే ఉంది. చివరి మలుపులో కుర్చీ ఇరుక్కుంది. అమ్మ రెండు మెట్లెక్కి వచ్చి ఆవిడ కాళ్ళు పట్టుకుని పక్కకు తిప్పింది.

గేటు దాటాం. ఇంకా కుర్చీ కింద పెట్టనేలేదు, వెనక గోడ గోతిలోకి జారిపోయింది. దాంతోపాటే మా వంటగది, పైన ఆవిడ మంచం. దుమ్ములో ఎవరికెవరం కనిపించలేదు. అమ్మా, ఆవిడా చేతులు పట్టుకుని దగ్గుతున్నారు. లెక్క చూసుకుంటే ఎవరూ లోపల లేరు.

మమ్మల్ని దగ్గర్లో ఒక బడిలో పెట్టారు. ఆదివారం పొద్దున్నే ఒక ఉద్యోగి వచ్చి, సోమవారం తరగతులున్నాయి, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యాలన్నాడు. ఎక్కడికంటే తనకు తెలీదన్నాడు. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు సణగడం మొదలుపెట్టారు. ఎవరో నాతో, "వాక్యమైనా సెప్పు బాబూ" అన్నారు.

నా పుస్తకాలు శిథిలాల కింద ఉన్నాయి. తోచిందే చెప్పాను. మాలోన్ అంటే ఏమిటో చెప్పాను. రాత్రి గడపడం అనే ఆ క్రియ అక్షరాలతోనే హెబ్రీలో ఇంకో క్రియ ఉంది, దానికి అర్థం సణగడం అని కూడా చెప్పాను. రెండూ వేరు వేరు మాటలే, శబ్దం ఒకటి. ఐగుప్తు విడిచాక ఎడారిలో ఆకలితో జనం సణిగినచోట వాడింది ఈ రెండో మాటే.

"సణిగితే దేవుడు కోప్పడ్డాడేటి?" అంది ఒకామె.

"కోప్పడ్డ సందర్భాలున్నాయి. అప్పుడు మాత్రం తిండి పెట్టాడు."

ఆమె చీర కొంగు దోపుకుని లేచింది. "అయితే ఇక్కడ కూకుని సణిగితే ఏటి లాభం? ఆల్ల ఆఫీసుకాడ సణుగుదాం, పదండి."

నేను ఆపబోయాను. ఉన్న బడి కూడా పోతుందని నా భయం. నా మాట ఎవరూ వినలేదు. పెద్దావిడను అదే కుర్చీలో మోసుకుని అందరం వార్డు ఆఫీసు మెట్ల ముందు కూర్చున్నాం. పోలీసులు వచ్చారు. లాఠీ ఊపుతూ ఒకతను దగ్గరకు రాగానే అమ్మ పెద్దావిడ కుర్చీకి అడ్డంగా జరిగి కూర్చుంది. అతను ఆగాడు. ఎండలో, ఆ తర్వాత వానలో, ఎవరూ లేవలేదు. సాయంత్రానికి ఒక అధికారి వచ్చి బడ్జ్ బడ్జ్ వెళ్ళే దారిలో రేకుల గదులు ఉన్నాయన్నాడు. లారీ వచ్చేదాకా మేం కదల్లేదు.

మర్నాడు పెద్దావిడ కొడుకు మమ్మల్ని వెతుక్కుంటూ మా రేకుల గదికి వచ్చాడు. తను స్నేహితుడి గదిలో తలదాచుకుంటున్నాడు, అది మూడో అంతస్తు. తల్లిని ఎలా ఎక్కించాలో తెలీక గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఇక్కడే ఉండనీ నాయినా," అంది అమ్మ. "కింద గది దొరికినాక తీసుకెల్దువులే."

అతను ప్రతి ఆదివారం వచ్చి వెళ్తున్నాడు. కింద గది ఇంకా దొరకలేదు. అమ్మ కూడా ఆ ఊసెత్తదు.