పిస్తోలుకు పెట్టిన పసుపు

మిల్లు మూతపడ్డాక నాగ్‌పాడాలో ఒక చిన్న వర్క్‌షాపులో కుట్టుమిషన్లు, తాళాలు బాగు చేస్తూ బతికాను. మిల్లులో ఫిట్టర్‌గా చేసినవాణ్ణి. ఆ ఉద్యోగం పోయినా, ఇనుము గురించి నాకు తెలియనిది లేదన్న పొగరు మాత్రం పోలేదు.

అక్క భర్త, మా బావ, గ్రాంట్ రోడ్‌లో ఒక బట్టల సేఠ్ గోదాముకు కాపలా ఉండేవాడు. చిన్నప్పటి నుంచి తల మీద ఇటుకలు మోసిన మనిషి. మెడ పట్టేసి ఇక మోయలేనన్న రోజుల్లో ఆ కొలువు దొరికింది. సేఠ్ తండ్రి కాలం నాటి పిస్తోలు, లైసెన్సుతో సహా, పనివేళల్లో అతని నడుముకు ఉండేది. రోజూ తూటాలు తీసి, పాత ధోవతి గుడ్డతో తుడిచి, సేఠ్‌కు అప్పగించి వచ్చేవాడు.

దసరాకు కామాఠిపురాలో మేమంతా గదికో కుటుంబంగా ఉండే చాల్ వరండాలో ఆయుధ పూజ చేసేవాళ్లం. తాపీలు, పారలు, నా స్పానర్లు కడిగి పీట మీద పేర్చేవాళ్లం. ఆ ఏడు పిస్తోలు కూడా పెట్టాలని పట్టుబట్టింది నేనే. బావ సేఠ్‌ను బతిమాలి, తూటాలు అక్కడే వదిలి, ఒక్క పూటకు తెచ్చాడు.

"పిడి మీదనే బొట్టు పెట్టు బామ్మర్ది. లోపలికి వోనియ్యకు."

"నువ్వు భయపడుడే గని బావా! గంత ఆయుధానికి గింత బొట్టా?"

చాల్ అంతా చూస్తోంది. నూనెలో కలిపిన పసుపును బొటనవేలితో మందంగా పులిమాను, పేలకుండా ఆపే సేఫ్టీ మీట చుట్టూ కూడా. పూజయ్యాక పైపైన తుడిచి ఇచ్చాను.

కొన్ని వారాలకు, మీట వేసి ఉన్నా ట్రిగ్గర్ నొక్కితే తూటాను కొట్టే సుత్తి పడుతోందని బావే కనిపెట్టాడు, ఖాళీ చేసి తుడుస్తుండగా. "మా బామ్మర్ది ఫిట్టర్, చూస్తడు" అని సేఠ్‌కు చెప్పిందీ అతనే.

గోదాములో సేఠ్ ముందు కూర్చుని, తూటా లేదని చూసుకుని, మీట వేసి ట్రిగ్గర్ నొక్కాను. సుత్తి పడింది. ఇంకోసారి పడలేదు. మళ్లీ పడింది. స్ప్రింగు నీరసించిందనుకున్నాను, గట్టిగానే ఉంది. సుత్తిని ఆపే ముక్క అరిగిందనుకున్నాను, అంచులు బాగానే ఉన్నాయి. చివరికి మీటను మెల్లగా కదిపి చూస్తే, ఆఖరి వెంట్రుకవాసి దగ్గర మెత్తగా ఆగుతోంది. సూదితో సందులో గీకాను. పచ్చటి పెచ్చు ఊడి గుడ్డ మీద పడింది. నూనె, పసుపు ఎండి బంకలా గట్టిపడ్డాయి. పైకి పూర్తిగా పడినట్టు కనిపించే మీట లోపల సగంలోనే నిలిచిపోతోంది.

కిరోసిన్‌తో కడిగాక, మీట వేసి ఎన్నిసార్లు నొక్కినా సుత్తి పడలేదు.

"క్యా థా?" ఏముంది లోపల అని అడిగాడు సేఠ్.

తన గోదాములన్నిటి షట్టర్లు, తాళాలు చూసుకునే మనిషి కావాలని ఆ పొద్దునే నాతో అన్నాడు. బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గుడ్డ మీద పడింది అతనూ చూశాడు. నేను గుడ్డ మడిచేశాను.

"మైల్ హై సేఠ్. రోజ్ సాఫ్ నహీ కర్తా."

మురికి, రోజూ తుడవడు అన్నాను. రోజూ తుడిచే మనిషి గురించి.

"చల్ జాతీ తో?" అని సేఠ్ బావ మీద అరిచాడు. పేలి ఉంటే ఎవరు పోయేవారో అన్న భయం అతనిది. బావ నా వైపు చూశాడు. నేను చేతులు తుడుచుకుంటున్నాను. అతను నడుముకున్న పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు.

గోదాము దాటి రోడ్డెక్కాం. బావే అన్నాడు: "ఇగ మార్చి జెప్పకు. ఇద్దరం కూలికి నాకా మీద నిలవడితే మీ అక్క ఇల్లెట్ల నడుపుతది?"

వద్దన్నాడు కదా అని ఊరుకున్నాను. అంత సులువుగా ఊరుకోగలిగినందుకే ఈనాటికీ నా మీద నాకు అసహ్యం.

మర్నాటి నుంచి బావ కూలీల నాకాలో, కొత్తగా పాలమూరు నుంచి దిగిన పడుచువాళ్ల పక్కన నిలబడ్డాడు. మేస్త్రీలు వాళ్లను తీసుకుపోయాక పని మిగిలితే ఇతన్ని పిలిచేవారు. మళ్లీ ఇటుకలే. షట్టర్ల పని నాకు వచ్చింది.

"తుపాకి తుడువనీకి గూడ బద్దకమేనాయె నీకు! నా తమ్ముడు చూడకుంటే ఎవని పాణం పోతుండెనో" అని అక్క అతని మెడకు బామ్ రాస్తూనే తిట్టేది. ఆ చేతులు కడుక్కుని నాకు చాయ్ పోసేది. నేను తాగేవాణ్ణి. బావ గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

అతను పోయి పదో రోజున అక్క ఏడుస్తూ కూడా అదే అంది: "మంచోడే తమ్మీ, గని పనిల సోయి లేకుండె." నిజం తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. అవునన్నట్టు తల ఊపాను.

అక్కకు చదువు రాదు. ఆమె పిల్లలకు మరాఠీ తప్ప చదవడం రాదు. అందుకే ఇది తెలుగులో రాయగలిగాను.